పర్మిట్టు టైరు

"ఏమప్పా, ఈడ కంకర పరిచిన మొనగాడు ఎవురు?"

లక్ష్మీపతి వెనక్కి తిరిగి చూశాడు. చౌడేపల్లె దారిలో మిట్ట దిగువన, పొద్దున పరిపించిన ఎర్ర కంకర నడుమ ఒక సైకిలు పడి ఉంది. వెనక చక్రం ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. పక్కనే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తెల్లచీర అంతా ఎర్రదుమ్ము. చేతిలో మాత్రం నల్ల తోలుపెట్టె ఒకటి రవ్వంత మట్టి అంటకుండా ఉంది. పడుతూ కూడా దాన్ని పైకెత్తి పట్టుకున్నట్టుంది.

"నేనేనమ్మా," అన్నాడు.

"నువ్వేనా? చక్రాలు పోయేదానికి పరిచినావా, మనుషులు పడేదానికి పరిచినావా?"

"ఎడ్లబండ్ల కోసరం పరిచినామమ్మా. నాలుగు తూర్లు బండి తిరిగితే అణిగిపోతాది. ఈ మిట్టలో సైకిలు మీద కూసోనే దిగేటోళ్ళు ఉండారని నాకేం తెలుసు? దిగి, నడిపించుకోని రావాల."

"నడిచేదానికైతే ఇంక సైకిలెందుకు?"

పారలు పక్కన పెట్టి చూస్తున్న కూలివాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆమె లేచి చీర దులుపుకుంది, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి వంకరపోయిన హ్యాండిలును సరిచేసుకుంది, సైకిలెక్కింది.

"అంచున రెండడుగులు వదిలి పరిచుంటే మీ సొమ్మేం పోయేది?" అని ఒక మాట విసిరి వెళ్ళిపోయింది.

అది 1943, జూన్ నెల. లక్ష్మీపతికి ఇరవై అయిదేళ్ళు. పుంగనూరులో రోడ్డు మేస్త్రీ. చుట్టూ ఉన్న గుట్టల్లో, అడవుల్లో నలభై మైళ్ళ కంకర రోడ్డు అతని కింద ఉంది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి, లేదా నడవడం మానేశాయి. అతను మాత్రం రోజూ సైకిలు మీద తిరిగి ఎక్కడ గుంట పడింది, ఏ వాగు మీద మోరీ కొట్టుకుపోయింది, ఏ వంక పొంగి దారిని కోసేసింది అని రాసుకునేవాడు. తన రోడ్డును ఎవరైనా తప్పుపడితే తనను తిట్టినట్టే ఉండేది.

మర్నాడు మిట్ట మొదలు నుంచి చివరి దాకా అంచున రెండడుగుల నేల కంకర లేకుండా, దిమ్మిస కొట్టి నున్నగా తయారైంది.

"ఇదెందుకప్పా?" అని అడిగాడు కూలీల పెద్ద శంకరప్ప.

"వాననీళ్ళు పోయేదానికి."

"ఔనౌను. తెల్లచీర కట్టుకోనొచ్చే వాన," అన్నాడు శంకరప్ప.

*

ఆమె పేరు కనకవల్లి. సొంతూరు కుప్పం. తండ్రి గోవిందస్వామి అక్కడి రైల్వేస్టేషన్లో పట్టాల పాయింట్లు మార్చే పని చేస్తాడు. తల్లి లేదు. ఆమె మదనపల్లెలో నర్సు పని నేర్చుకుని, కాన్పులు చేయడానికి చౌడేపల్లెలో కుదిరింది. ఇవన్నీ లక్ష్మీపతికి బాబు సాహెబ్ సైకిలు షాపులో తెలిశాయి. పుంగనూరులో ఎవరి సంగతి కావాలన్నా ఆ షాపు ముందున్న బల్ల మీద పావుగంట కూర్చుంటే చాలు.

ఒక ఆదివారం అతను ఆ బల్ల మీద కూర్చుని ఉండగానే ఆమె సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"అరె, కంకర మేస్త్రీ!" అంది.

"రా నర్సమ్మా. ఇయ్యాల యాడ పడినావు?"

"నీ రోడ్డు మీద కాదులే. నీ రోడ్డు ఇప్పుడు బాగుండాది." ఆ మాట అని వెంటనే ముఖం తిప్పుకుని బాబు సాహెబ్‌తో బ్రేకు సంగతి మాట్లాడింది.

అరవై దాటిన బాబు సాహెబ్ తెల్లగడ్డం నిమురుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, నువ్వు మొన్న అడిగిన దోవ సంగతి ఇతన్నే అడుగు. ఈ గుట్టల్లో కుందేళ్ళకు తెలియని దోవలు కూడా ఇతనికి తెలుసు."

చౌడేపల్లెకు ఆవల గుట్టల మధ్య నేరేడుకుంట అనే చిన్న పల్లె ఉంది. రోడ్డు మీద చుట్టి వెళితే తొమ్మిది మైళ్ళు. అక్కడ నాగమ్మ అనే ఆమె కడుపుతో ఉంది. ఇంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. వారానికి ఒకసారైనా వెళ్ళి చూడాలి.

"అడవిలో బండిదోవ ఉండాది, నాలుగు మైళ్ళే," అన్నాడు లక్ష్మీపతి. "కానీ ఆడమనిషి ఒంటిగా పోయే దోవ కాదది."

"నాగమ్మ ఆడమనిషే కదా. ఆ దోవనే గదా ఆమె సంతకు వచ్చేది? ఆమెకు పనికొచ్చిన దోవ నాకు యాల పనికిరాదు?"

బాబు సాహెబ్ పకపకా నవ్వాడు.

తరువాతి ఆదివారం దారి చూపించడానికి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడంటే, అతని సైకిలు నలభై గజాలు ముందు, ఆమె సైకిలు వెనక. నలుగురూ ఏమైనా అనుకుంటారని అతని భయం. అందుకని ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"టైర్లలో గాలి రోంత తగ్గించు! గట్టిగా ఉంటే గుండ్రాళ్ళ మీద ఎగిరెగిరి పడతాది!"

"తగ్గించినా!"

"దిగుడులో ముందు బ్రేకు పట్టొద్దు! సీటు మీద యెనక్కి జరుగు!"

"జరిగినా! ఇంకా రోంత గట్టిగా అరువప్పా, నేరేడుకుంటలో ఉండేవాళ్ళకు వినపడలా!"

రెండు పక్కలా చండ్ర చెట్లు, సీతాఫలం పొదలు. ఎర్రమట్టిలో బండిచక్రాల గాడులు. గాడిలో దిగితే చక్రం ఇరుక్కుంటుంది, నడుమ గట్టు మీద వెళితే రాళ్ళు. ఆమె రెండుసార్లు జారింది, ఒకసారి తంగేడు పొదలోకి దూరింది. ఒక్కసారి కూడా దిగి నడవలేదు.

మైలున్నర పోయేసరికి వాన అందుకుంది. దారి పక్కన ముందుకు వంగిన బండ ఒకటి ఉంటే ఆమె దాని కిందికి పరుగెత్తింది. లక్ష్మీపతి బయటే నిలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏం, లోపల పులి ఉండాదా?"

"లేదు. జాగా తక్కువ."

"నా మీద కంటే నీకు వాన మీదనే నమ్మకమెక్కువున్నట్టుండాది. లోపలికి రా అప్పా!"

అతను వచ్చి, వీలైనంత ఒదిగి నిలబడ్డాడు. వాన బండ మీద పడి తెరలా జారుతోంది. కాసేపటికి ఆమె అడిగింది. "అంచున దోవ వదిలి పరిపించినావు. నేనేమో నోటికొచ్చినట్టు తిట్టిపోతిని. కోపం రాలా?"

"వచ్చింది. కానీ నువ్వు ఎందుకు పోతాండావో తర్వాత తెలిసింది." అన్నాడతను. "మా అక్కను కాన్పుకని బండిలో తెస్తా ఉంటే ఒక మోరీ కాడ ఇరుసు ఇరిగింది. తెల్లారిందాకా ఆడనే ఉండిపోతిమి. తల్లీ దక్కలా, బిడ్డా దక్కలా. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఈ పనిలో చేరింది అందుకే."

వాన వెలిసింది. ఆ తర్వాత నేరేడుకుంట దాకా నలభై గజాల దూరం కాస్తా పదిగజాలైంది. ఎవరూ అరవాల్సిన పని లేకపోయింది.

*

సెప్టెంబరులో ఆమె సైకిలు వెనక టైరు చీలిపోయింది. మలయా జపాను చేతిలో పడ్డప్పటి నుంచి రబ్బరు బంగారమైంది. తాలూకా ఆఫీసు పర్మిట్టు లేనిదే కొత్త టైరు దొరకదు. ఆమె పెట్టుకున్న అర్జీకి ఆసుపత్రి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: వచ్చే ఏప్రిల్ దాకా టైరు లేదు, పల్లెలు తిరగడం కుదరకపోతే మదనపల్లెలో వార్డు పనికి వచ్చేయవచ్చు.

ఆ కాగితాన్ని ఆమె షాపులో లక్ష్మీపతికి చూపించింది. గొంతులో ఎప్పుడూ ఉండే పెళుసుదనం లేదు. "నాగమ్మకు వచ్చే నెలలో కాన్పు. నేను వార్డులో కూసోని మందుసీసాలు తుడుస్తా ఉండాలంట."

అదే వారం, ఎనిమిది నెలలు ఎదురుచూసిన తర్వాత, లక్ష్మీపతికి పర్మిట్టు టైరు వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని తిన్నగా బాబు సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇది నర్సమ్మ బండికి వెయ్యి బాబన్నా. నాదని చెప్పొద్దు. వాళ్ళ ఆఫీసోళ్ళు పంపించినారని చెప్పు."

"అరే, రంజాన్ నెలలో నాతో అబద్ధం ఆడిస్తావా?" బాబు సాహెబ్ టైరును చేతుల్లో తిప్పి చూశాడు. "అబద్ధం చెప్పను. ఏమీ చెప్పకుండా ఊరికే ఉంటా. అదైతే నాకు చేతనవును. మరి నీ బండి? దాని టైరు కూడా ఇంక పనికిరాదు కదా?"

"నాకు కాళ్ళుండాయి కదా."

ఆమె వచ్చినప్పుడు బాబు సాహెబ్ "నీ బండి తయారమ్మా" అన్నాడంతే. ఆఫీసువాళ్ళకు మనసు కరిగి పంపించి ఉంటారని ఆమె అనుకుంది.

లక్ష్మీపతి నలభై మైళ్ళూ నడిచి తిరగసాగాడు. నాలుగో రోజు నుంచే మాటలు పుట్టాయి. పర్మిట్టు టైరు వచ్చిందంట. సైకిలేమో షాపులో వేలాడుతోందంట. బెంగళూరు షావుకారుకు దొంగచాటుగా అమ్మేసి ఉంటాడు. అని అని, ఎవరో మదనపల్లెలోని అతని పైఅధికారి ఓవర్సీరుకు ఆకాశరామన్న ఉత్తరం కూడా రాశారు.

ఒక మధ్యాహ్నం మిట్ట మీద ఆమె సైకిలు అతని పక్కన ఆగింది.

"నీకు టైరు వచ్చిందంట కదా?"

"వచ్చింది."

"యాడుండాది?"

లక్ష్మీపతి చూపు ఆమె వెనక చక్రం మీదికి పోయింది. కొత్త రబ్బరు గాడుల నిండా ఎర్రమట్టి. వెంటనే చూపు తిప్పుకున్నాడు. చెబితే ఈ క్షణమే విప్పేసి చేతికిస్తుంది. నాగమ్మకు ఇంకా పది రోజులుంది.

"అమ్ముకున్నావని ఊరంతా అంటాండారు. నేను నమ్మలా. అందుకే నిన్నే అడుగుతాండా. చెప్పప్పా."

"ఇప్పుడు చెప్పలేను."

ఆమె హ్యాండిలు తిప్పుకుంది. "నా బండికి టైరు లేదని నీ ముందర ఏడ్చినా కదా. ఆ వారంలోనే అమ్ముకుంటివా? ఇంక నాకు దోవ చెప్పొద్దు. నేనే ఎతుక్కుంటా."

ఆమె మిట్ట దిగిపోయింది. వెనక్కి జరిగి కూర్చుని, ముందు బ్రేకు పట్టకుండా, అతను నేర్పినట్టే. తన టైరు మీదనే తనను తిట్టి వెళ్ళిపోతుంటే లక్ష్మీపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

*

అక్టోబరులో మదనపల్లె నుంచి పిలుపు వచ్చింది. విచారణ. పన్నెండు మైళ్ళు వానలో నడిచి, తడిసిన బట్టలతోనే ఓవర్సీరు సుబ్రహ్మణ్యం బల్ల ముందు నిలబడ్డాడు.

"టైరు అమ్మావా?"

"అమ్మలేదు సార్."

"అయితే ఎక్కడుంది?"

"ఈ తాలూకాలోనే తిరుగుతాండాది సార్."

"టైరు దానంతట అదే తిరుగుతుందా? తెచ్చి చూపించు."

"ఒక్క వారం టయమియ్యండి సార్."

"ఇవ్వను." ఓవర్సీరు కళ్ళద్దాలు సవరించుకుని కలం సిరాలో ముంచాడు. తొమ్మిదేళ్ళుగా తిరిగిన రోడ్డంతా లక్ష్మీపతి కళ్ళ ముందు కదిలింది. ఒక్క మాట చెబితే చాలు. కానీ నాగమ్మ సంగతి ఇంకా తెలియలేదు.

అంతలో వరండాలో సైకిలు గంట గణగణమని మోగింది. బంట్రోతు "ఆగమ్మా, ఆగమ్మా" అంటున్నాడు. కనకవల్లి సైకిలుతో సహా గదిలోకి వచ్చేసింది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మోకాళ్ళ దాకా బురద.

"టైరు ఇదే సార్," అంది ఆయాసపడుతూ. "పర్మిట్టులో నంబరుంటాది కదా, సూసుకోండి."

ఓవర్సీరు ఒక క్షణం ఆమెను చూశాడు. లేచి వచ్చి చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. తన జేబురుమాలుతో తనే మట్టి తుడిచి, నంబరును కాగితంతో పోల్చి చూశాడు.

"రోడ్ల తనిఖీకని ఇచ్చిన టైరు ఇంకొకరికి ఇవ్వడం తప్పు. తెలుసా?"

"తెలుసు సార్," అన్నాడు లక్ష్మీపతి.

"దీనిమీద ఎన్ని కాన్పులకు పోయావమ్మా?"

"పదకొండు సార్. పదకొండోది ఈ పొద్దునే, నేరేడుకుంటలో. ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు."

లక్ష్మీపతి కళ్ళు మూసుకుని తెరిచాడు. ఓవర్సీరు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. కాగితం మీద ఒక్క వాక్యం రాసి, పైకి చదివాడు. "రోడ్ల కోసం ఇచ్చిన టైరు రోడ్ల మీదే ఉన్నది. చర్య అవసరం లేదు." తర్వాత కలం అతని వైపు చూపించి, "ఇంకోసారి ఇలాంటివి నాకు ముందే చెప్పు," అన్నాడు.

బయట వరండాలో ఇద్దరే మిగిలారు.

"బాబన్న చెప్పినాడా?"

"కాన్పు సంగతి చెప్దామని షాపుకు పోయినా. నాగమ్మకు మేలుగా అయిందా అనడిగినాడు. అయిందన్నా. అయితే ఇంక నా నోటికి బీగం అక్కర్లేదని మొత్తం చెప్పేసినాడు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు యాల చెప్పలా?"

"చెప్తే విప్పేసేదానివి కదా?"

"విప్పేసేదాన్నే."

"అందుకే."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. "ఊరంతా దొంగంటే అనిపించుకున్నావు. నేనూ అంటిని."

"అందరూ అన్నారు. అడిగింది నువ్వొక్కదానివే."

అతనికి ఇంకో మాట కూడా చెప్పాలనిపించింది. "వాన తగ్గింది, పొద్దుండంగానే బయలుదేరు" అన్నాడు చివరికి. ఆమె కొంచెంసేపు ఎదురుచూసి, సైకిలెక్కి వెళ్ళిపోయింది.

*

నవంబరులో తంబళ్లపల్లె వైపు కొట్టుకుపోయిన మోరీలు కట్టించడానికి అతన్ని మూడు వారాలు పంపించారు. తిరిగి వచ్చేసరికి బాబు సాహెబ్ షాపు ముందే నిలబడి ఉన్నాడు.

"నర్సమ్మ కుప్పం పోయింది. వాళ్ళ నాయన జాబు రాసినాడు. జోలార్‌పేట రైల్వే గుమాస్తా సంబంధమంట. ఎల్లుండి సూసేదానికి వస్తాండారంట."

లక్ష్మీపతి బల్ల మీద కూలబడ్డాడు. "నాకేమన్నా చెప్పమనిందా?"

"ఏమీ చెప్పలా. నాలుగు తూర్లు వచ్చి, నువ్వు వచ్చినావా అని అడిగింది. అది చెప్పినట్టు కాదా బేటా?"

ఇంటికి వెళ్ళి తల్లి మునిలక్ష్మమ్మకు అంతా చెప్పాడు. కాన్పులు చేసే పిల్ల, ఒంటరిగా ఊళ్ళు తిరిగే పిల్ల అని తల్లి ఏమంటుందోనని భయపడ్డాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. చేట పక్కన పెట్టి వసారా వైపు తేరిపార చూసింది.

"ఆ పిల్ల సైకిలు యాడ పెట్టుకుంటాదిరా? ఆ మూల కట్టెలు తీసేసి జాగా సెయ్యాల."

మర్నాడు పొద్దున మొదటి బస్సెక్కాడు. అది పలమనేరు మిట్ట ఎక్కలేదు. డ్రైవరు బొగ్గు కుండను ఎంత రాజేసినా పొగే గాని కదలిక లేదు. లక్ష్మీపతి బస్సు పైకెక్కి, అక్కడ వేసుకొచ్చిన తన సైకిలు దించుకున్నాడు. దాని వెనక చక్రానికి బాబు సాహెబ్ పాత టైరు ముక్కలు కుట్టి కట్టాడు. ప్రతి చుట్టులోనూ ఆ కుట్టు నేలకు తగిలి టకటకమంటోంది.

కుప్పం ఇంకా నలభై మైళ్ళ పైన ఉంది. ఆ రోడ్డు అతనిది కాదు. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మలుపు ఉందో తెలియదు. అడవిలో వానకు కంకరంతా కొట్టుకుపోయి నాపరాయి తేలింది. ఒక వంకలో సైకిలు నెత్తిన పెట్టుకుని దాటాడు. వి.కోట దాటాక కుట్టు తెగింది. టవలు చింపి కట్టాడు. ఇంకో దిగుడులో గులకరాళ్ళ మీద జారి రెండు అరచేతులూ దోక్కుపోయాయి. ఎలుగుబంటి తిరిగే తావని గొర్రెల కాపరి చెబితే, ఆ రెండు మైళ్ళూ గంట కొడుతూనే తొక్కాడు.

పొద్దు వాలే వేళకు కుప్పం స్టేషన్ వెనక రైల్వే ఇళ్ళ ముందు ఆగాడు. ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన గడపలో కూర్చుని ఉన్నాడు.

"ఎవురప్పా నువ్వు?"

"పుంగనూరు రోడ్డు మేస్త్రీనండి. లక్ష్మీపతి."

"మీ రోడ్డు ఈడికి రాదే?"

"రాదండి. నేనే వచ్చినా."

గోవిందస్వామి అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "ఏం పని మీద?"

"మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా అని అడిగేదానికి."

"ఓహో. దాన్ని అడిగినావా?"

"లేదండి."

"దాన్ని అడక్కుండా నన్నడిగితే నేనేం చెప్పేది? ఉద్యోగం చేసే బిడ్డ. వల్లీ! ఈ అబ్బాయి నిన్నేదో అడగాలంట."

కనకవల్లి బయటికి వచ్చింది. అతన్ని, బురద పట్టిన సైకిలును, చింకి టవలు చుట్టిన చక్రాన్ని చూసి నిలబడిపోయింది.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ లక్ష్మీపతికి ఎగిరిపోయాయి. "వి.కోట కాడినుంచి దోవ బాగలేదు," అన్నాడు. "రెండు తావుల మోరీ..."

"ఇంత దూరం తొక్కుకోనొచ్చి దోవ సంగతి చెప్తాండావా?"

గోవిందస్వామి దగ్గు తెచ్చుకుని లేచాడు. "నీళ్ళు తెస్తా," అని లోపలికి వెళ్ళాడు. చెంబుడు నీళ్ళు తేవడానికి ఆయనకు చాలాసేపే పట్టింది.

"వల్లీ," అన్నాడు లక్ష్మీపతి. "నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటావా? నీ పని మానుకోవాల్సిన పనిలేదు."

"నాలుగు తూర్లు షాపుకొచ్చినా. ఆడ అడిగుంటే ఆడనే చెప్పేదాన్ని," అంది ఆమె. "ఔనని."

గోవిందస్వామి చెంబు గడపలో పెట్టి, టోపీ తలకు పెట్టుకున్నాడు. "మాట అయిపోయినట్టుండాది. నేను స్టేషన్‌కు పోతాండా. రేపు రావద్దని జోలార్‌పేటకు తంతి కొట్టించాల."

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాక ఆమె అతని చేతులు చూసింది. నల్లపెట్టె తెచ్చి, పక్కన కూర్చుని, ఒక్కొక్క ఇసుకరేణువునూ తీసి, మందు రాసి కట్టు కట్టసాగింది.

"ఈ సేతులతో తిరిగి ఎట్ల పోతావు?"

"మానేదాకా నాలుగు దినాలు ఈడనే ఉంటాలే."

"నాలుగు దినాలా? ఎవురుండమన్నారు నిన్ను?" అంటూనే ఆమె ఆ కట్టును అవసరమైనదానికంటే మరో రెండు చుట్లు ఎక్కువే చుట్టింది.